పోర్చుగల్ సెతూబల్‌లోని శ్రమ మ్యూజియం: చూసొచ్చినవాళ్లు, చూడబోయేవాళ్లు ఇక్కడ రాయండి

సముద్రపుగాలి

లిస్బన్ వచ్చే మనవాళ్లు బెలెం టవర్ దగ్గర ఫోటో దిగి, జెరోనిముస్ మఠం చూసి, సింత్ర కోటలు చుట్టేసి వెళ్లిపోతున్నారు. అవి చూడొద్దని అనను. ఆ దేశంలో మామూలు జనం ఏ పని చేసి బతికారో తెలియాలంటే మాత్రం లిస్బన్‌కి దక్షిణంగా యాభై కిలోమీటర్ల దూరంలో, సాదు నది సముద్రంలో కలిసేచోట ఉన్న సెతూబల్‌కి వెళ్లాలి. అక్కడ జానపద పాటలు సేకరించిన మిషెల్ జియాకొమెత్తి పేరు మీద ఒక శ్రమ మ్యూజియం ఉంది. నేను లిస్బన్‌లోనే ఉంటాను కాబట్టి వీలైనప్పుడల్లా వెళ్తుంటాను. దాని గురించి తెలుగులో ఎవరూ రాసినట్టు కనపడలేదు, అందుకే ఇది మొదలుపెట్టాను.

మ్యూజియం ఉన్నది పాత చేపల డబ్బాల ఫ్యాక్టరీలో. పెరియెన్స్ అని దాని పేరు. ఫొంతయిన్యాస్ అనే బెస్తవాడ పైన, ఏటవాలు మీద ఉంటుంది. 1995 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. ఫ్యాక్టరీ గోడలు, ఎత్తైన కప్పు, పెద్ద పెద్ద కిటికీలు అలాగే ఉంచారు.

19వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులోని బ్రిటనీ తీరాన కవళ్లు పడటం మానేశాయి (ఇక్కడి సార్డీన్ మన కవళ్ల జాతి చేపే). డబ్బాల వ్యాపారం చేసే ఫ్రెంచివాళ్లు చేప ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటూ ఈ రేవుకి వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో ఉన్న సైనికులకి డబ్బా చేప కావాల్సి రావడంతో వ్యాపారం ఒక్కసారిగా పెరిగింది. ఒక దశలో ఈ ఒక్క ఊళ్లోనే వందకు పైగా ఫ్యాక్టరీలు నడిచాయి. తర్వాత ఒకదాని వెనక ఒకటి మూతబడ్డాయి.

రేవులో వేలంపాట దగ్గర మొదలై, మూత బిగించిన డబ్బా పెట్టెకెక్కేదాకా చేప నడిచిన దారి మొత్తం వరసగా చూపిస్తారు. ముందు పొడవాటి బల్లలు. వాటికి అటూ ఇటూ ఆడవాళ్లు నిలబడి తల తెంపేవారు. తలతోపాటే పేగులు కూడా ఒక్క లాగుడులో వచ్చేయాలి. తర్వాత ఉప్పునీళ్ల తొట్టి. ఆ తర్వాత తీగ చట్రాల్లో చేపల్ని తోకలు పైకి వచ్చేలా నిలబెట్టి ఆవిరిలో ఉడికించేవారు. ఆరాక మళ్లీ ఆడవాళ్లే ఒక్కో చేపనీ కత్తిరించి డబ్బాలో పేర్చేవారు, పొట్ట చిరగకూడదు, తోలు ఊడకూడదు. నూనె పోయడం, మూత బిగించడం, మళ్లీ ఉడికించడం, చివరికి డబ్బాల మీది జిడ్డు పోవడానికి రంపపు పొట్టుతో రుద్దడం.

ఆ తీగ చట్రం దగ్గర కాసేపు నిలబడండి. ఒక్కో సందులో ఒక్కో చేప. రోజంతా నిలబడి వేళ్లతో ఆ సందులు నింపడమంటే ఎంత పనో దాన్ని చూస్తేనే అర్థమవుతుంది. చేతులు నిత్యం ఉప్పునీళ్లలోనే. చేప వచ్చిన వేళకే పని. తెల్లవారుజామున మూడింటికి పడవలు వచ్చినా ఫ్యాక్టరీ కూత పెట్టేది, ఆడవాళ్లు లేచి పరిగెత్తాలి. ఏ కూత ఏ ఫ్యాక్టరీదో ఇంట్లో పడుకునే గుర్తుపట్టేవారట.

ఇంకో విభాగంలో డబ్బాల మీద బొమ్మలు అచ్చువేసే రాళ్లు ఉన్నాయి. సున్నపురాయి పలకల మీద బొమ్మని అద్దంలో కనపడినట్టు తిరగేసి గీయాలి. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. ఇన్నేసి రాళ్లు మోసి, ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా రాకుండా అద్దితే ఓ చిన్న రేకు మీద చేప, పడవ, ఎర్ర గౌను పిల్ల కనపడతారు.

లిస్బన్ నుంచి తెచ్చి మళ్లీ నిలబెట్టిన పాత కిరాణా కొట్టు ఒకటి ఉంది, లిబెర్దాద్ కొట్టు. పల్లె పనిముట్లది మరో భాగం. ఈ పల్లె భాగం వెనక చాలా పెద్ద కథ ఉంది, తెలిసినవాళ్లు రాస్తే బాగుంటుంది. ముఖ్యంగా పాటల సంగతి.

---

రైలుబండి

చాలా బాగా రాశారండీ. మేం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వేసవి సెలవుల్లో వస్తున్నాం. పిల్లలిద్దరు, మా అత్తగారూ మామగారూ కూడా ఉంటారు. కారు తీసుకునే ఉద్దేశం లేదు. ఒక్కరోజులో వెళ్లి రావచ్చా? మామగారికి మెట్లు కష్టం. పిల్లలకి మ్యూజియం అంటేనే విసుగు.

---

సముద్రపుగాలి

హాయిగా వెళ్లి రావచ్చు. లిస్బన్‌లో రోమా-అరియెయిరు, ఎంత్రకాంపుస్, సెత్ రియుస్ స్టేషన్లలో ఎక్కడైనా ఫెర్తాగుస్ రైలెక్కండి. గంట ప్రయాణం. ఏప్రిల్ 25 వంతెన మీదుగా తేజు నది దాటుతుంది, ఆ కొద్ది నిమిషాలు పిల్లల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. వంతెన 1966 నాటిది, కింది అంతస్తులో రైలు నడవడం మొదలైంది 1999లో.

సోమవారం మాత్రం వద్దు. మ్యూజియమూ ఉండదు, లివ్రమెంతు చేపల బజారూ ఉండదు. ఆ రెండూ లేకపోతే సెతూబల్ వెళ్లి లాభం లేదు. వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందు చూసుకోండి. టికెట్ పెద్ద ఖర్చేం కాదు.

పొద్దున్నే బజారు చూడండి. వెనక గోడంతా నీలి పలకల మీద బొమ్మలు, అందులో రైతులు, బెస్తవాళ్లు, ఉప్పు తీసేవాళ్లు. వాటి ముందు ఆ రోజు పడిన చేప. పిల్లలకి అక్కడ విసుగు రాదు. మధ్యాహ్నం ఊళ్లో ఎక్కడ తిన్నా పిండిలో ముంచి వేయించిన కటిల్‌ఫిష్ ఉంటుంది, అది ఈ ఊరి తిండి. మీ మామగారికి సరదాగా ఉంటుంది. మ్యూజియం దాకా మాత్రం ఎక్కుడు ఉంది కాబట్టి బజారు నుంచి టాక్సీ తీసుకోండి.

సాయంత్రం ఓపికుంటే పడవలో అవతలి ఒడ్డు ట్రోయాకి వెళ్లండి. రోమన్ల కాలపు చేపల తొట్లు అక్కడ ఇసుకలో బయటపడ్డాయి. చేప ఊరబెట్టి, సాస్ చేసి సామ్రాజ్యమంతా పంపేవారు. ఆ కాలపు ఇలాంటి కట్టడాల్లో ఇంత పెద్దది ఇప్పటిదాకా ఇంకెక్కడా బయటపడలేదు. పొద్దున ఫ్యాక్టరీ చూసి సాయంత్రం ఆ తొట్లు చూస్తే, ఈ నదీముఖంలో చేప పని ఎంత పాతదో తెలుస్తుంది.

---

తంబుర

పాటల సంగతి నేను చెప్తాను. జియాకొమెత్తి గురించి ఎంత చెప్పినా తక్కువే.

ఆయన పోర్చుగీసువాడు కాదు. 1929లో కార్సికా దీవిలోని అజాక్సియోలో పుట్టాడు. 1959లో పోర్చుగల్ వచ్చి ఇక వెనక్కి వెళ్లలేదు. మరుసటి ఏడాదే అక్కడి జానపద సంగీతం కోసం ధ్వని భాండాగారం మొదలుపెట్టాడు. టేప్ రికార్డర్ వేసుకుని ఉత్తరాన కొండ ఊళ్ల నుంచి దక్షిణాన గోధుమ చేల దాకా తిరిగాడు. ఫెర్నాందు లోప్స్ గ్రాసా అనే గొప్ప స్వరకర్త ఆయనకి తోడు. అప్పటి పాలకుడు సలజార్ నియంతృత్వాన్ని ఎదిరించి జైలుకెళ్లిన కమ్యూనిస్టు ఈ గ్రాసా. ఇద్దరూ కలిసి ప్రాంతాలవారీగా తెచ్చిన ఎల్పీ రికార్డుల అట్టలకి గోనెగుడ్డ తొడిగారు. నాకు తెలిసిన ఒకాయన దగ్గర ఆ రికార్డు ఒకటి ఉంది, చేతికి గరగరా తగులుతుంది. లోపల గొంతులూ అంతే, ఏ నగిషీ లేకుండా.

ఆయన రికార్డు చేసినవాటిలో చాలా భాగం పని పాటలు. గోధుమ కోతలప్పుడు పాడేవి, ఆలివ్ కాయలు రాల్చేటప్పుడు పాడేవి, దుక్కిలో ఎద్దుల్ని అదిలిస్తూ తీసే రాగాలు, వల లాగుతూ కలిసి అరిచే కేకలు. వేదిక మీద పాడించలేదు. పని జరిగేచోటికే వెళ్లాడు. 1970 నుంచి 1974 దాకా పోర్చుగీసు టెలివిజన్‌లో ఇవన్నీ వరసగా వచ్చాయి. అలా దేశమంతా తన పల్లెల్ని తెర మీద చూసుకుంది.

1974 ఏప్రిల్‌లో విప్లవం వచ్చి నియంతృత్వం పడిపోయింది. చదువు ముగించుకుని యూనివర్సిటీలో చేరాల్సిన పిల్లలకి సీట్లు చాలక, ఏడాదిపాటు పౌరసేవ చేయమన్నారు. జియాకొమెత్తి ఆ అవకాశాన్ని పట్టుకున్నాడు. 1975 వేసవిలో ఆ విద్యార్థుల్ని బృందాలుగా ఊళ్లకి పంపించాడు. పాటలు, కథలు, నాటు వైద్యం రాసుకొచ్చారు, పనిముట్లు సేకరించారు. సముద్రపుగాలి గారు చెప్పిన పల్లె విభాగానికి పునాది అదే. పట్నం పిల్లలు రైతుల పెరళ్లలోంచి, గాదెల మూలల్లోంచి అడిగి తెచ్చిన వస్తువులవి.

1990లో పోయాడు. ఆయన కోరుకున్నట్టే దక్షిణాది అలెంతేజు ప్రాంతంలో పెరుగ్వార్ద అనే చిన్న ఊళ్లో పాతిపెట్టారు. ఆ ఊరివాళ్ల పాట ఆయనకి ప్రాణం. ఆయన పోగుచేసిన వాయిద్యాలు లిస్బన్ దగ్గర ఎస్తోరిల్‌లో పోర్చుగీసు సంగీత మ్యూజియంలో ఉన్నాయి. సంగీతం ఇష్టమైనవాళ్లు అదీ చూడండి.

---

ఓరుగల్లు ముచ్చట

తంబుర అన్నా, మస్తు చెప్పినవ్. ఒక్కటడుగుత. పని పాట అంటే పని ఉన్నన్ని దినాలే ఉంటది కదా. మా దిక్కు నాట్లేసే మిషన్లు వచ్చినంక పాట పోయింది. మా అత్తమ్మకు ఇంకా యాదికున్నయి గని పాడుమంటే పాడది. వట్టిగ కూసోని పాడుడు రాదు బిడ్డా అంటది, ఒంగి నాటేస్తుంటెనే నోట్ల నుంచి వస్తదట. మరి ఆ దేశంల మిషన్లు ఎప్పుడో వచ్చినయి. పాట ఎట్ల మిగిలింది?

---

తంబుర

కొంత మిగిలింది, చాలా పోయింది తమ్ముడూ. అలెంతేజులో 'కాంత్' అని బృందగానం ఉంది. ఒకరు ఎత్తుకుంటారు, ఇంకొకరు పై స్థాయిలో అందుకుంటారు, తర్వాత అందరూ కలుస్తారు. వాయిద్యం ఉండదు. గోధుమ చేలు, గనులు, సారాయి కొట్లు దాని పుట్టిళ్లు. చేలో పని పోయాక కూడా ఊరూరా బృందాలు కట్టుకుని నిలబెట్టుకున్నారు. 2014లో యునెస్కో జాబితాలో చేరింది. బృందం కట్టని పాటలు మాత్రం టేపుల్లోనే మిగిలాయి. జియాకొమెత్తి వెళ్లి ఉండకపోతే ఆ టేపులు కూడా ఉండేవి కావు.

మీ అత్తమ్మ చెప్పిన మాట నిజం. ఆయన పనిచోటికే వెళ్లడానికి కారణం అదే.

---

పాతపనిముట్లు

పల్లె విభాగం గురించి నేను కొంచెం చెప్తాను. నేను రిటైరైన మాస్టార్ని. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను.

కంకులు కొట్టే కర్ర ఒకటుంటుంది ఆ దేశంలో, 'మంగ్వాల్' అంటారు. పొడవాటి కర్రకి కొసన తోలు పట్టీతో ఇంకో పొట్టి కర్ర కట్టి ఉంటుంది. మనవాళ్లు బంతి కట్టి పశువులతో తొక్కించిన పనిని ఉత్తరాది పోర్చుగల్‌లో దీంతో చేసేవారు. రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడి, ఒక వరస దెబ్బ పడుతుంటే రెండో వరస ఎత్తాలి. తాళం తప్పితే ఎదుటివాడి బుర్ర పగులుతుంది. పాట అక్కడ వినోదం కోసం కాదు, ప్రాణం కోసం. ఆ తోలు పట్టీ దగ్గర కర్ర ఎంత నునుపు తేలి ఉంటుందో చూడండి.

బెండు తీసే గొడ్డలి ఇంకొకటి. అలెంతేజులో కార్క్ ఓక్ చెట్టు బెరడు తొమ్మిదేళ్లకి ఒకసారే తీయాలి. గొడ్డలి అంచుతో గాటు పెట్టి, పిడి చివర చీలలా చెక్కిన భాగాన్ని దూర్చి మెల్లగా పెకలిస్తారు. దెబ్బ ఒక్క పిసరు లోతుకి పోతే చెట్టుకి గాయం. తీసిన ఏడాది గుర్తుండటానికి మొద్దు మీద ఆ సంవత్సరం చివరి అంకె తెల్లరంగుతో రాస్తారు. ఈ పని యంత్రానికి పూర్తిగా అప్పగించలేదు, ఇప్పటికీ వేసవిలో మనుషులే చేస్తారు, మంచి కూలీ కూడా ఉంది.

అన్నింటికన్నా నా మనసులో నిలిచిపోయినవి అలెంతేజు కోతగత్తెల వెదురు తొడుగులు. ఎడమచేతి వేళ్లకి తొడుక్కునేవారు, కొడవలికి వేళ్లు తెగకుండా. ఒక్కో వేలికి ఒక్కో గొట్టం. దేశం ఏదైనా కొడవలి కింద ఉన్నది ఎడమచెయ్యే.

ఇంకొక సంగతి. లిస్బన్ బెలెంలోనే 'జానపద కళా మ్యూజియం' ఒకటుంది. 1940 నాటి మహా ప్రదర్శన కోసం కట్టిన భవనం, 1948లో మ్యూజియం చేశారు. సలజార్ ప్రభుత్వ ప్రచార శాఖ తయారుచేసిన పల్లె అది. గోడల మీద రంగుల బొమ్మలు, చెక్కిన కాడి, కుట్టుపని చేసిన దుపట్టా, మట్టి కోడిపుంజు. అన్నీ అందమైనవే, నాకూ నచ్చాయి. కానీ అక్కడ పల్లెవాడికి ఆకలి లేదు, అప్పు లేదు, అలసట లేదు. 1938లో 'అన్నింటికన్నా పోర్చుగీసు పల్లె' ఏదని పోటీ కూడా పెట్టింది ఆ ప్రభుత్వం. మొన్సాంతు అనే కొండ ఊరికి వెండి కోడిపుంజు బహుమతి ఇచ్చారు. తంబుర గారు చెప్పిన పెరుగ్వార్ద కూడా ఆ పోటీలో నిలబడ్డ ఊరే! ప్రచార శాఖకి కావాల్సింది ఆ ఊరి ముస్తాబు, జియాకొమెత్తికి కావాల్సింది ఆ ఊరి గొంతు.

వీలైతే రెండు మ్యూజియంలూ చూడండి. బెలెంలోది చాలాసార్లు మూసి ఉంటుంది, కనుక్కుని వెళ్లండి.

---

పలాస పిల్ల

సముద్రపుగాలి అక్కా, తీగ చట్రం గురించి మీరు రాసింది చదివి మా అమ్మకి ఫోన్లో వినిపించాను. అమ్మ జీడిపప్పు బట్టీలో పనిచేసింది. జీడిగింజ కొట్టేటప్పుడు ఆ నూనె పడితే చెయ్యి కాలి తోలు ఊడిపోతుంది. బూడిద రాసుకుని కూర్చునేవాళ్లు. పప్పు విరగకుండా తీయాలి, విరిగితే రేటు వేరు. అమ్మ వినగానే అడిగింది, "వాళ్లకి రోజుకి కూలీయా, కిలోకా?" అని. మ్యూజియంలో అది రాసి ఉందా అక్కా?

ఆ జీడి చెట్టుని బ్రెజిల్ నుంచి మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్లే. అది అమ్మకి చెప్తే నమ్మలేదు.

---

సముద్రపుగాలి

అమ్మగారు అడగాల్సిందే అడిగారు తల్లీ. అక్కడ ఆడవాళ్లకి గంటల లెక్కన కూలీ. మగవాళ్ల కన్నా బాగా తక్కువ. చేప రాని రోజు పని లేదు, కూలీ లేదు. మగవాళ్లలో డబ్బా మూతలు టంకం వేసేవాళ్లకి మంచి జీతాలుండేవి, ఫ్యాక్టరీలో వాళ్లదే పెద్దరికం. మూత బిగించే యంత్రం వచ్చాక వాళ్ల పని పోయింది. వాళ్లు ఊరుకోలేదు, ఆ యంత్రాల్ని చాలాకాలం ఎదిరించారు. ఆ యంత్రాలు మ్యూజియంలో ఉన్నాయి. వాటి ముందు నిలబడితే, ఎవరి చేతిలో పని ఎవరి చేతికి పోయిందో ఆలోచించకుండా ఉండలేం.

ఇంకొకటి చెప్పాలి మీ అమ్మగారికి. 1911 మార్చిలో సెతూబల్ ఫ్యాక్టరీ ఆడవాళ్లు కూలీ పెంచమని సమ్మె చేశారు. రాజరికం పోయి రిపబ్లిక్ వచ్చి ఏడాది కూడా కాలేదు, కార్మికులంతా దాని మీద ఆశ పెట్టుకున్న రోజులు. ఆ రిపబ్లిక్ సిపాయిలే కాల్పులు జరిపారు. మరియానా తోర్రెస్ అనే కార్మికురాలు, అంతోనియు మెంద్స్ అనే కుర్రాడు చనిపోయారు. ఊరు వాళ్లని మర్చిపోలేదు.

---

గోవాదారి

ఇంతమంది మెచ్చుకుంటున్నచోట అడ్డు చెప్పడం ఇబ్బందిగానే ఉంది, అయినా చెప్తాను. నేను గోవాలో పనిచేస్తాను. పోర్చుగల్ శ్రమ గురించి మాట్లాడేటప్పుడు పోర్చుగల్ లోపలి శ్రమ ఒక్కటే ఎలా చాలుతుంది? ఆ లిబెర్దాద్ కిరాణా కొట్టు బీరువాల్లో కాఫీ, చాక్లెట్, చక్కెర ఉంటాయి కదా. అవి ఎక్కడివి? అప్పట్లో ఆఫ్రికాలో పోర్చుగల్ వలసలైన అంగోలావి, సావ్ తొమే దీవివి. సావ్ తొమే కోకో తోటల్లో మనుషుల్ని బానిసల్లా పనిచేయిస్తున్నారని తేలాక 1909లో క్యాడ్‌బరీ లాంటి ఇంగ్లండ్ కంపెనీలే అక్కడి కోకో కొనడం మానేశాయి. ఆ చేతులకి మ్యూజియం ఎక్కడుంది? సెతూబల్ ఆడవాళ్ల కష్టం నిజం. కానీ ఆ అల్మరాలో డబ్బాల వెనక ఇంకో కష్టం కూడా ఉంది. చూసేవాళ్లు అది అడగాలి.

---

సముద్రపుగాలి

మీరన్నది ఒప్పుకుంటాను గోవాదారి గారూ. ఆ కొట్టు ముందు అందరూ 'ఎంత ముచ్చటగా ఉందో' అనుకుంటారు. పిప్పర్‌మెంట్ల సీసాలు, తూనిక, చెక్క సొరుగులు అలా అనిపించేలాగే ఉంటాయి. కాఫీ డబ్బా ఏ దేశం నుంచి వచ్చిందో అడిగితేనే ఆ కొట్టు పూర్తిగా చూసినట్టు. రైలుబండి గారూ, మీ పిల్లలకి ఇదే పని పెట్టండి. ఒక్కో సరుకు ఎక్కడ పండిందో, ఎవరు పండించారో కనుక్కోమనండి.

ఒక్క మాట మాత్రం. ఒక ఊరు తన బెస్తవాళ్లనీ ఫ్యాక్టరీ ఆడవాళ్లనీ ఇంత గౌరవంగా నిలబెట్టుకుంది. దాన్ని తక్కువ చేయలేను. ఇలాంటి మ్యూజియం సావ్ తొమే తోటల కోసం కూడా రావాలి.

---

తంబుర

సెతూబల్ నచ్చినవాళ్లకి ఇంకొన్ని చెప్తాను.

ఉత్తరాన ఆవైరు దగ్గర ఇల్యావు ఊళ్లో సముద్ర మ్యూజియం ఉంది, 1937 నుంచి. కాడ్ చేపల వేట అక్కడి కథ. పోర్చుగల్ నుంచి ఓడలు న్యూఫౌండ్‌లాండ్, గ్రీన్‌లాండ్ దాకా వెళ్లేవి. పెద్ద ఓడ నుంచి చిన్న చిన్న తెప్పల్లాంటి పడవలు దింపేవారు. ఒక్కో పడవకి ఒక్కడే మనిషి. మంచుపొగలో వాడొక్కడే గాలం తాడు వేసుకుంటూ, పడవ నింపుకుని రావాలి. అలాంటి పడవ అక్కడ నిజంగా ఉంది. దాని పక్కన నిలబడి చూస్తే గుండె జారిపోతుంది. దగ్గర్లోనే సాంతు ఆంద్రె అనే పాత వేట ఓడని కూడా మ్యూజియం చేశారు.

దక్షిణాన పోర్టిమావ్‌లో ఇంకో డబ్బాల ఫ్యాక్టరీ మ్యూజియం అయింది, 2008లో. దానికి 2010లో యూరప్ కౌన్సిల్ మ్యూజియం బహుమతి వచ్చింది. సెతూబల్ కన్నా హంగు ఎక్కువ. అల్గార్వ్ బీచులకి వెళ్లేవాళ్లకి అదే దగ్గర. నాకు మాత్రం సెతూబల్‌దే ఇష్టం, పల్లె, రేవు, పాట మూడూ ఒకేచోట ఉన్నందుకు.

లిస్బన్ దాటే వీల్లేకపోతే రెస్తెలు పేటలో జాతీయ మానవజాతి శాస్త్ర మ్యూజియం ఉంది. పల్లె జీవితపు వస్తువుల్ని భద్రపరిచిన గదుల్లోకి తీసుకెళ్లి చూపిస్తారు, ముందుగా అడగాలి.

---

ఓరుగల్లు ముచ్చట

మరి మనకెందుకు లేదన్నా ఇసొంటిది? రాజుల కత్తులు, నవాబుల గిన్నెలు చూపెట్టే మ్యూజియంలు ఉన్నయి. మోట బొక్కెన, ఏతాం, గుంటుక, గొర్రు ఒక్కతాన పెట్టి, వాటితోని ఎవరు ఏం పని జేసిన్రో, ఏం పాట పాడిన్రో చెప్పేది ఏది?

---

పాతపనిముట్లు

బొత్తిగా లేవనలేం నాయనా. అరకులో గిరిజన మ్యూజియం ఉంది. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో కూడా ఉంది. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి గిరిజన, జానపద వాయిద్యాలు, పరికరాలు సేకరించారు. ఆ పని జియాకొమెత్తి పనికి చాలా దగ్గర. పాటల విషయానికొస్తే నేదునూరి గంగాధరం గారు, బిరుదురాజు రామరాజు గారు యంత్రాలు రాకముందే ఊరూరా తిరిగి రాసుకున్నారు.

కానీ నువ్వడిగినట్టు వస్తువు, మనిషి, పాట, కూలీ అన్నీ ఒకేచోట చెప్పే మ్యూజియం తెలుగునాట నేను చూడలేదు. పొగాకు బ్యారన్లు, బియ్యం మిల్లులు, బెల్లం గానుగలు పడగొట్టేస్తున్నారు. వాటిలో ఒక్క బ్యారన్‌ని అలాగే ఉంచి, అందులో ఆకు గుచ్చిన ఆడవాళ్ల మాటలు వినిపిస్తే చాలు. సెతూబల్‌వాళ్లు చేసింది అంతే. మూతబడ్డ ఫ్యాక్టరీని పడగొట్టలేదు.

---

చర్చ నిర్వాహకులు

సభ్యులకి మనవి. మీ ఊళ్లలోని పాత పనిముట్ల ఫోటోలు, పని పాటల రికార్డింగులు పెట్టడానికి వేరే చర్చ తెరిచాం. ఇక్కడ పోర్చుగల్ మ్యూజియంల గురించే కొనసాగించండి. పాట పాడినవాళ్ల అనుమతి తీసుకునే రికార్డింగు పెట్టగలరు.

---

రైలుబండి

అందరికీ ధన్యవాదాలు. మంగళవారం ఖాయం చేసుకున్నాం. పొద్దున బజారు, తర్వాత మ్యూజియం, మధ్యాహ్నం భోజనం, ఓపికుంటే ట్రోయా. మామగారు ఒకప్పుడు కాకినాడ రేవులో గుమస్తాగా పనిచేశారు. ఈ చర్చ చదివి వినిపిస్తే వేలంపాట విభాగం తప్పకుండా చూడాలన్నారు. మొదటిసారి ఆయనే ప్రయాణం ఎప్పుడని అడుగుతున్నారు.

---

ఓరుగల్లు ముచ్చట

నిర్వాహకులన్నా, ఇది ఒక్కటి ఈడనే అడుగుత, తంబుర అన్న ఉన్నడు కాబట్టి. అత్తమ్మ ఒప్పుకుంది. మా చిన్న మడి ఒకటి ఇంకా చేతితోనే నాటుతం, ఆడ పాడుతనన్నది. ఫోన్ల రికార్డు చేస్తే పనికొస్తదా? ఏమేం రాసుకోవాలె?

---

తంబుర

ఫోన్ చాలు తమ్ముడూ. గాలి హోరు పడకుండా మైకు ఉన్నచోట పల్చటి గుడ్డ చుట్టు. అత్తమ్మ ఒక్కతే కాకుండా పక్కన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు అందుకునేలా చూడు, నాట్ల పాట ఒంటరిగా సాగదు. వాళ్ల పేర్లు, వయసు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ నాటుకి పాడతారో, అప్పట్లో కూలీ ఎంతో రాసుకో. పలాస అమ్మగారు అడిగిన ప్రశ్న వదిలిపెట్టకు. పాట అయిపోగానే రికార్డింగు ఆపకు. ఆ తర్వాత వాళ్లలో వాళ్లు "ఇంకో చరణం ఉండె గదనే" అని మాట్లాడుకుంటారు, మర్చిపోయిన చరణాలు అక్కడే దొరుకుతాయి.